బంగారు కొడవలీ, మామిడి బదనికా
పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

పోయిన సంచికలో, మా విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే సిరిమాను చెట్టు గురించి రాస్తూ, "యూరప్‌లో పూర్వం డ్రూయిడ్లనే వాళ్లు కూడా చెట్ల దగ్గరే పూజలు చేసేవారు" అని ఒక వాక్యం తగిలించాను. ఆ ముక్కకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. పైడితల్లి మీద రాసిన మిగతా నాలుగు పేజీల గురించి మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అడగలేదు! సరే, ఈ నెల శీర్షిక మొత్తం డ్రూయిడ్లకే ఇచ్చేస్తున్నాను. నేను విజయనగరంలో ముప్ఫై ఏళ్లకు పైగా చరిత్ర పాఠం చెప్పి రిటైరైన వాణ్ణి. సిలబస్‌లో డ్రూయిడ్లు ఏనాడూ లేరు. రోమన్ చరిత్ర చెప్పడం కోసం సీజర్ రాసిన పుస్తకం తిరగేస్తుంటే తగిలారు. అప్పుడంటుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఆడే మొబైల్ గేమ్‌లో డ్రూయిడ్ అని ఒక క్యారెక్టర్ ఉంది. ఎలుగుబంటిగా మారిపోతాడు, చెట్ల వేళ్లతో శత్రువుల్ని కట్టేస్తాడు, గాయాలు మాన్పుతాడు. ఇలాంటివాళ్లు నిజంగా ఉండేవారా? ఉంటే ఏం చేసేవారు?
– ఇంటర్ విద్యార్థి, రాజాం

ఉండేవారు నాన్నా. ఎలుగుబంటి సంగతి చివర్లో చెబుతాను, ముందు మనిషి సంగతి చూద్దాం.

ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతాన్ని రోమన్లు గాల్ అనేవారు. అక్కడా, బ్రిటన్‌లోనూ, ఐర్లండ్‌లోనూ కెల్టిక్ భాషలు మాట్లాడే జనం ఉండేవారు. వాళ్లలో చదువుకున్న వర్గం పేరు డ్రూయిడ్లు. జూలియస్ సీజర్ క్రీ.పూ. 58 నుంచి 50 దాకా గాల్‌లో యుద్ధాలు చేశాడు. ఆ యుద్ధాల గురించి తనే రాసుకున్న పుస్తకం ఆరో భాగంలో వీళ్ల ప్రస్తావన ఉంది. పూజలు, బలులు వాళ్ల చేతుల మీదుగానే జరిగేవి. హత్య జరిగినా, ఆస్తి తగువొచ్చినా, సరిహద్దు గొడవైనా తీర్పు చెప్పేది వాళ్లే. తీర్పు వినని వాణ్ణి పూజలకు రానివ్వరు. అంటే వెలి. వాడితో ఎవరూ మాట్లాడరు, ఎదురుపడితే తప్పుకుపోతారు. డ్రూయిడ్లు యుద్ధానికి వెళ్లనక్కర్లేదు, పన్ను కట్టనక్కర్లేదు. ఏడాదికోసారి కార్నూట్లు అనే తెగ నేల మీద, అంటే ఇప్పటి షార్త్ర్ పట్నం ఉన్న ప్రాంతంలో, అందరూ కలుసుకుని పెద్ద పెద్ద తగువులు తీర్చేవారు. మన లెక్కలో చెప్పాలంటే పురోహితుడు, బడిపంతులు, ఊరి పెద్దమనిషి, కోర్టు జడ్జి, జోస్యుడు అందరూ ఒకే మనిషిలో ఉన్నారనుకో.

నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇంకొకటుంది. ఈ చదువుకి కొందరికి ఇరవై ఏళ్లు పట్టేదట. పుస్తకం లేదు. అంతా పద్యాలే, అంతా నోటికే. రాయడం రాక కాదు. లెక్కాపత్రాలకి గ్రీకు అక్షరాలు వాడుకునేవారని సీజరే చెబుతాడు. మరి విద్యను ఎందుకు రాయలేదు? ఆయన రెండు కారణాలు ఊహించాడు. ఒకటి, అది అందరి చేతుల్లో పడకూడదని. రెండు, అక్షరాల మీద ఆధారపడితే కుర్రాళ్లకు జ్ఞాపకశక్తి పోతుందని.

ఇది చదివినప్పుడు నాకు గజపతినగరం వైపు ఒక పల్లె గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సంక్రాంతి రాత్రి తప్పెటగుళ్లు చూడటానికి వెళ్లాను. గుండె మీద రేకు గుళ్లు కట్టుకుని, కాళ్లకు గజ్జెలేసుకుని, తెల్లవార్లూ ఎగురుతూ పాడారు. జట్టు నడిపించే గురువుగారు చదువుకోలేదు, సంతకం బదులు వేలిముద్ర వేసే మనిషి. ఆయన నోట్లో ఎన్ని కథలున్నాయో లెక్కలేదు. తెల్లారాక టీ తాగుతూ, నోట్‌బుక్ తీసి "గురువుగారూ, ఒక్క కథ నెమ్మదిగా చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. ఆయన నా పెన్ను వైపు చూసి నవ్వి, "నువ్వు రాసుకుంటే నీ బుక్కులోకి ఎలిపోద్ది బాబూ. ఆ తర్వాత ఈ గుంటలు బుక్కు సూసే పాడతారు. నోటికి రాదు" అన్నాడు. సీజర్ ఊహించిన రెండో కారణం అచ్చంగా ఇదే. అయినా చివరికి ఒక కథ చెప్పాడు, నేను రాసుకున్నాను కూడా. ఆ నోట్‌బుక్ ఇల్లు మారినప్పుడు పోయింది. ఎవరి మాట నెగ్గిందో నువ్వే చెప్పు.

ఇక నీ ఎలుగుబంటి. గాల్ డ్రూయిడ్లు జంతువులుగా మారతారని సీజర్ రాయలేదు. ఐర్లండ్ పాత కథల్లో మాత్రం డ్రూయిడ్లకు ఇలాంటి మాయలొచ్చు. ఒక నల్ల డ్రూయిడ్ తనను కాదన్న సాద్వ్ అనే ఆడపిల్లను లేడిగా మార్చేస్తాడు. ఆ కథల్ని రాసి పెట్టింది క్రైస్తవ సన్యాసులు. చేతికి దొరికిన పాత రాతప్రతులు 1100 ప్రాంతానివి, అంటే డ్రూయిడ్లు పోయిన ఎన్నో వందల ఏళ్ల తర్వాతి రాతలు. గేమ్‌లోకి ఎలా వచ్చాడంటే, 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట వచ్చింది. కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. 1976లో దానికి వచ్చిన అనుబంధ పుస్తకంలో ఆటగాడు డ్రూయిడ్ వేషం కట్టొచ్చన్నారు. జంతు రూపం, అడవి మీద అధికారం, ఇనుప కవచం తొడగకూడదన్న నియమం – ఇవన్నీ అక్కడ కుదురుకున్నాయి. నీ ఫోన్లో ఉన్నవాడు ఆ డ్రూయిడ్‌కి మనవడు, సీజర్ చూసినవాడికి కాదు. తమాషా ఏమిటంటే, అసలు కెల్టులు ఇనుము పనిలో ఆరితేరిన వాళ్లు!

పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఫోన్ కాసేపు పక్కన పెట్టు.

ప్రశ్న: డ్రూయిడ్లంటే మన ద్రావిడులేనని, ఇక్కడి నుంచి ఓడల మీద వెళ్లి అక్కడ వేదం నేర్పారని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పునర్జన్మను కూడా నమ్మేవారట కదా. నిజమేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, నరసన్నపేట

అయ్యా, ద్రావిడులు కాదు. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిసిపోదు. అలాగైతే మన బొబ్బిలికీ, ఇంగ్లండులో పోలీసుల్ని ముద్దుగా పిలిచే 'బాబీ'కీ కూడా సంబంధం కలపొచ్చు.

అయితే చుట్టరికం బొత్తిగా లేదనీ అనలేను. ఆ మాటలో రెండు ముక్కలున్నాయని భాషావేత్తలు ఎక్కువ మంది చెబుతారు. మొదటిది 'ద్రు', రెండోది 'విద్'. మొదటిది చెట్టు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ద్రుమం, దారువు ఆ వేరు నుంచి వచ్చినవే. రెండోది తెలియడం. వేదం, విద్య, విద్వాంసుడు ఆ వేరువే. చెట్టునెరిగినవాడనీ, చెట్టంత గట్టి జ్ఞానం ఉన్నవాడనీ రెండు రకాలుగా అర్థం చెబుతారు. కెల్టిక్ భాషలూ, సంస్కృతమూ ఒకే పెద్ద భాషాకుటుంబం కాబట్టి మాటల్లో ఆ పోలిక. ఎవరూ ఓడెక్కి వెళ్లి నేర్పనక్కర్లేదు. ఇక మన తెలుగు వేరే కుటుంబం, ఆ మాటలు మనమూ అరువు తెచ్చుకున్నవే.

ఆత్మ చావదని, ఒకరి నుంచి ఇంకొకరిలోకి వెళుతుందని డ్రూయిడ్లు నేర్పేవారని సీజర్ రాసిన మాట నిజమే. చావంటే భయం లేకుండా యుద్ధం చేయడానికి అది పనికొచ్చేదని కూడా అన్నాడు. కర్మ సిద్ధాంతం వగైరా అందులో లేదు.

మీరు పంచాంగం చూస్తారు కాబట్టి ఒక మాట. 1897లో ఫ్రాన్సులో కొలీన్యీ అనే ఊళ్లో కంచు పలక ముక్కలు దొరికాయి. కలిపి చూస్తే గాలిష్ భాషలో ఐదేళ్ల కాలెండరు. నెలకు ముప్ఫై లేదా ఇరవై తొమ్మిది రోజులు, నెల మధ్యలో రెండు భాగాలుగా విడదీసిన గుర్తు, ఐదేళ్లలో అరవై నెలలు కాకుండా అదనంగా రెండు. మొత్తం అరవై రెండు. మన వేదాంగ జ్యోతిషంలోనూ ఐదేళ్ల యుగానికి అరవై రెండు నెలలే, రెండు అధికమాసాలే! నేను మొదటిసారి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. చంద్రుడి పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఐదేళ్లకు యాభై ఐదు, అంటే రెండు నెలలకు కాస్త ఇటు. చంద్రుణ్ణి పట్టుకుని ఐదేళ్ల లెక్క కట్టినవాడు ఎక్కడున్నా రెండు నెలలు కలపక తప్పదు. ఇద్దరికీ గురువు ఆ చంద్రుడే. దీన్ని మీ గ్రూపులో పెట్టండి, ఎంతమంది ఫార్వర్డ్ చేస్తారో చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, నేను తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. కథ వంశధార ఒడ్డున జరుగుతుంది. కథానాయిక గురువుగా ఒక డ్రూయిడ్‌ని పెట్టాను. తెల్ల గడ్డం, తెల్ల అంగీ, చేతిలో బంగారు కొడవలి. నా స్నేహితురాలు చదివి "ఏంటే, ఈయన ఇంగ్లిష్ సినిమాలోంచి దారి తప్పి వచ్చినట్టున్నాడు" అంది. తీసెయ్యమంటారా?
– రచయిత్రి, ఆమదాలవలస

అమ్మా, మీ స్నేహితురాలికి నా నమస్కారాలు చెప్పండి.

ముందు ఆ వేషం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. తెల్లబట్ట, బంగారు కొడవలి రాసింది ప్లినీ అనే రోమన్. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయినాయన. ఓక్ చెట్టు మీద మొలిచిన మిజిల్‌టో అనే బదనికను, నెలపొడుపు నుంచి ఆరో రోజున, తెల్లబట్టలు కట్టుకున్న డ్రూయిడ్ చెట్టెక్కి బంగారు కొడవలితో కోస్తాడు, కింద ఉన్నవాళ్లు దాన్ని తెల్ల గుడ్డలో పట్టుకుంటారు, రెండు తెల్ల ఎద్దుల్ని బలిస్తారు. ఇదంతా ఆ ఒక్క పూజ గురించే. రోజూ ఆ బట్టల్లో తిరిగేవారని ఆయన అనలేదు. మన పురోహితుడు మడిబట్టలో హోమం చేస్తుండగా ఒక్కసారి చూసి, బజారుకీ అలాగే వెళతాడని రాసుకున్నట్టు.

దాన్ని యూనిఫాం చేసింది పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటన్ పెద్దమనుషులు. అందులో చిత్రమైన మనిషి ఐయోలో మోర్గాన్వుగ్. అసలు పేరు ఎడ్వర్డ్ విలియమ్స్, వేల్స్‌లో రాళ్లు చెక్కే మేస్త్రి, కవి, నల్లమందుకు అలవాటుపడ్డవాడు. పాత రాతప్రతులు దొరికాయని చెప్పి తానే కల్పించి రాసేవాడు. 1792లో లండన్ ప్రిమ్‌రోజ్ హిల్ మీద రాళ్లు గుండ్రంగా పేర్చి, ఇదే ప్రాచీన డ్రూయిడ్ల సభ అన్నాడు. ఆ సభ ఇవాళ్టికీ వేల్స్ జాతీయ సాహిత్య ఉత్సవంలో అంగీలతో సహా జరుగుతోంది! దొంగ పత్రంతో మొదలై నిజమైన సంప్రదాయం అయిపోయింది. కథకులకు ఇంతకన్నా ధైర్యం ఎవరిస్తారు? ఆ తర్వాత 1959లో ఫ్రాన్సులో మొదలైన ఆస్టెరిక్స్ బొమ్మల కథల్లో డ్రూయిడ్ కూడా ప్లినీ చెప్పినట్టు కొడవలితో బదనిక కోసి, గుండిగలో మందు కాస్తాడు. మీ గురువుగారు ఇలా రెండు వేల ఏళ్లు చేతులు మారి, ఆమదాలవలసలో రైలు దిగాడు.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతాను. గడ్డం, అంగీ, కొడవలి మూడూ తీసెయ్యండి. లోపల ఉన్నది ఉంచుకోండి. ఇరవై ఏళ్ల కంఠస్థం ఉంచుకోండి. ఒక్క మనిషి చనిపోతే ఒక గ్రంథాలయం తగలబడిపోయే లోకాన్ని చూపించండి. ఐర్లండ్ కథల్లో ఒక కట్టుబాటు ఉంది. రాజు మాట్లాడకముందు ప్రజలెవరూ నోరు విప్పకూడదు, డ్రూయిడ్ మాట్లాడకముందు రాజు నోరు విప్పకూడదు. దీన్ని ఒక దర్బారు సీనుగా రాసి చూడండి. అందరూ నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారు, శత్రువు గుమ్మంలో ఉన్నాడు, ముసలాయన ఇంకా నోరు తెరవలేదు. మంత్రాలూ, మెరుపులూ దేనికి?

ఇంకొకటి. పేరుతో సహా మనకు తెలిసిన గాల్ డ్రూయిడ్ దాదాపు ఒక్కడే. దివిసియాకుస్. ఎడ్వీ అనే తెగ నాయకుడు, రోముకు రాయబారిగా వెళ్లి సైనిక సాయం అడిగినవాడు. అక్కడ ఆయన్ని ఎరిగిన సిసిరో అనే రోమన్ వక్త, ఈయన డ్రూయిడ్ అనీ, ప్రకృతి శాస్త్రం తెలుసని చెప్పుకునేవాడనీ రాశాడు. సీజర్‌కి ఆయన ఆప్తుడు, పుస్తకంలో చాలాసార్లు వస్తాడు. కానీ డ్రూయిడ్ అని సీజర్ ఒక్కసారీ అనడు! తమ్ముడు దుమ్నోరిక్స్ రోమన్లకు పక్కలో బల్లెం. తమ్ముడి గుట్టు బయటపడ్డప్పుడు అన్న ఏడుస్తూ సీజర్ కాళ్లావేళ్లా పడి ప్రాణం కాపాడాడు. క్రీ.పూ. 54లో ఆ తమ్ముణ్ణి సీజర్ మనుషులు చంపేశారు. బొబ్బిలి కథ వింటూ పెరిగినవాళ్లం, ఇంటివాడు ఫిరంగుల వైపు నిలబడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? మీ నవలకు గురువు కావాలంటే ఇలాంటివాణ్ణి పెట్టండి. తెలివైనవాడు, తప్పు పక్షం ఎంచుకున్నవాడు.

ఒక జాగ్రత్త కూడా. డ్రూయిడ్‌ని తీసేసి ఆ స్థానంలో సీతంపేట కొండల మీది సవర పూజారిని నిలబెట్టి, అవే మాయలు అతనితో చేయించకండి. డ్రూయిడ్లు మీ నవల చదవరు. సవరలు చదువుతారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. గాల్‌కి అలాంటి పంతులు ఒక్కడు వెళ్లి ఉంటే డ్రూయిడ్ల నోట్లో ఏముందో మనకు తెలిసేది. వెళ్లింది సైన్యాధిపతి. రాసే ముందు మీరు ఎవరిలా వెళ్లాలనుకుంటున్నారో ఆలోచించుకోండి.

నవల పూర్తయ్యాక ఒక ప్రతి శ్రీకాకుళం కథానిలయానికి ఇవ్వండి. అక్కడ కథలే ముఖ్యం గానీ, మీ నవలనేం బయట నిలబెట్టరు.

ప్రశ్న: డ్రూయిడ్లు నరబలి ఇచ్చేవారని, మనుషుల్ని బుట్టలో పెట్టి తగలబెట్టేవారని చదివాను. అలాంటివాళ్లను మీరు మెచ్చుకుంటూ రాయడం బాగాలేదు.
– ఉపాధ్యాయుడు, బొబ్బిలి

మెచ్చుకోలేదండీ. కానీ మీ కోపం న్యాయమైనదే, కాబట్టి తప్పించుకోను.

కొమ్మలతో అల్లిన పెద్ద బొమ్మల్లో మనుషుల్ని నింపి నిప్పు పెట్టేవారని రాసింది కూడా సీజరే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన సిరిమాను గురించి ఒక్క కాగితమూ మిగలలేదనుకుందాం. రెండు వేల ఏళ్ల తర్వాతివాళ్లకు దొరికింది, దండయాత్రకొచ్చిన పరాయి సైనికుడొకడు రాసిన నాలుగు వాక్యాలే అనుకుందాం. దసరా వెళ్లిన మంగళవారం కోట దగ్గర నిలబడి వాడేం రాస్తాడు? "వీళ్ల పూజారికి కలలో చెట్టు కనిపిస్తుంది. దాన్ని పూజించి నరికేస్తారు. యాభై అరవై అడుగుల ఆ మాను చివర మనిషిని కట్టి గాల్లోకి లేపుతారు. గుడి నుంచి కోటకి మూడుసార్లు ఊరేగిస్తారు. లక్షల జనం అతని మీదకి అరటిపళ్లు విసురుతారు." ఒక్క మాటా అబద్ధం కాదు. చదివినవాడికి మాత్రం ఆ మనిషి బతికి దిగాడని తోచదు. ఆయన అమ్మవారి ప్రతిరూపంగా కూర్చున్నాడని, పళ్లు విసరడం మొక్కని, దిగాక ఇంటికెళ్లి భోంచేస్తాడని సైనికుడికి ఎవరు చెబుతారు?

అలాగని నరబలి మొత్తం రోమన్ల కట్టుకథ అని నేననను. 1984లో ఇంగ్లండు చెషైర్‌లో లిండో అనే చిత్తడి నేలలో బొగ్గులా మారిన మట్టి తవ్వుతుంటే ఒక మగమనిషి శవం బయటపడింది. పాతికేళ్ల వయసు, సుమారు రెండు వేల ఏళ్ల నాటివాడు, చర్మం కూడా చెక్కుచెదరలేదు. తల మీద దెబ్బలు, మెడకు బిగించిన తాడు, గొంతు మీద కోత. పొట్టలో బదనిక పుప్పొడి రేణువులు నాలుగు. ఇంకేముంది, డ్రూయిడ్ల బలే అన్నారు కొందరు. నాలుగు రేణువులు గాలికి కొట్టుకొచ్చి తిండిలో పడొచ్చు అన్నారు ఇంకొందరు. నాకు రెండో మాట వైపు మొగ్గు. కానీ ఆ మెడలో తాడు గాలికి వచ్చింది కాదు.

మీది బొబ్బిలి కాబట్టి మెరియా సంగతి వినే ఉంటారు. గంజాం కొండల్లో కోదులనే గిరిజనులు నరబలి ఇస్తున్నారని కంపెనీ దొరలు రిపోర్టులు రాశారు. 1845లో దాన్ని అణచడానికి మెరియా ఏజెన్సీ అని ప్రత్యేక విభాగమే పెట్టారు. బలి తప్పే, ఆపాల్సిందే. కానీ ఆ రిపోర్టుల వెనకాలే సిపాయిలు కొండెక్కారు. వాళ్లెప్పుడు దిగారో టీచరుకి నేను చెప్పనక్కర్లేదు. రోమ్ కూడా అంతే. బలుల పేరు చెప్పి డ్రూయిడ్లను నిషేధించింది, క్రీ.శ. 60 ప్రాంతంలో వాళ్ల దీవి మోనా మీద దాడి చేసింది. ఇప్పటి పేరు ఆంగ్లెసీ. టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు ఆ సీను రాశాడు. ఒడ్డున సైన్యం, మధ్యలో నల్లబట్టలతో, విరబోసుకున్న జుట్టుతో కాగడాలు పట్టుకుని పరుగెత్తే ఆడవాళ్లు, చుట్టూ చేతులు పైకెత్తి శపిస్తున్న డ్రూయిడ్లు. రోమన్ సైనికులు కాసేపు కాళ్లు రాక నిలబడిపోయారట. తర్వాత అందర్నీ నరికి, తోపుల్నీ నరికేశారు. అదే రోమ్ తన ఊళ్లో, అరేనాల్లో జనం చూస్తుండగా మనుషుల్ని సింహాలకు వేసేది. దాన్ని బలి అనలేదు, వినోదం అంది.

ఆ దీవిలో 1942లో యుద్ధ విమానాల కోసం రన్‌వే వేస్తూ ఒక చెరువు మట్టి తవ్వారు. పాత ఇనుప గొలుసొకటి దొరికితే, బురదలో దిగబడ్డ బళ్లను లాగడానికి వాడుకున్నారు. గట్టిగా పనిచేసింది. తర్వాత చూస్తే అది రెండు వేల ఏళ్ల నాటిది, బందీల మెడలకు వరసగా తగిలించే గొలుసు. చెరువులో కత్తులు, రథాల సామాను, మొత్తం నూట యాభైకి పైగా వస్తువులు దొరికాయి. దేవతలకు సమర్పించినవని అంటారు. ఆ గొలుసు కెల్టులది, రోమన్లది కాదు. కాబట్టి మీ కోపం కొంత అలాగే ఉంచుకోండి.

ప్రశ్న: డ్రూయిడ్లలో ఆడవాళ్లు ఉండేవారా?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

సీజర్ చెప్పలేదు. మోనా ఒడ్డున నల్లబట్టల ఆడవాళ్లు డ్రూయిడ్లేనని టాసిటస్ కూడా అనలేదు. కానీ తర్వాతి రోమన్ పుస్తకం ఒకదానిలో ఒక కథ ఉంది. ఆ పుస్తకంలో కట్టుకథలు బోలెడు, అయినా ఇది బాగుంటుంది. గాల్‌లో ఒక పూటకూళ్ల ఇంట్లో డయోక్లీస్ అనే సైనికుడు బిల్లు లెక్క చూసుకుంటున్నాడు. అక్కడున్న డ్రూయిడ్ స్త్రీ "మరీ పిసినారివయ్యా" అంది. "చక్రవర్తినయ్యాక ధారాళంగా ఖర్చు పెడతాలే" అన్నాడు. "నవ్వకు, అడవిపందిని చంపాక చక్రవర్తివవుతావు" అందామె. అప్పట్నుంచీ కనబడ్డ పందినల్లా వేటాడాడు పాపం. చివరికి 284లో అపర్ అనే అధికారిని చంపి గద్దెనెక్కాడు. అపర్ అంటే లాటిన్‌లో అడవిపంది. ఆయనే డయోక్లీషియన్ చక్రవర్తి. ఎరుకలమ్మ సోదె చెప్పినట్టే లేదూ?

ప్రశ్న: స్టోన్‌హెంజ్ కట్టింది డ్రూయిడ్లే కదా? మా అరసవల్లిలో లాగే అక్కడా సూర్యకిరణాలు సరిగ్గా ఒక రోజున పడతాయట.
– పాఠకుడు, అరసవల్లి

కట్టలేదు. ఇంగ్లండులో గుండ్రంగా నిలబెట్టిన ఆ పెద్ద రాళ్లు క్రీ.పూ. 3000 – 2000 మధ్యవి. డ్రూయిడ్ల మాట వినపడేది అంతకు రెండు వేల ఏళ్ల తర్వాత. పదిహేడో శతాబ్దంలో జాన్ ఆబ్రీ ఆ ఊహ చేశాడు, 1740లో విలియం స్టూక్లీ పుస్తకం రాసి ఖాయం చేసేశాడు. పాత కట్టడం కనిపిస్తే తెలిసిన పేరు తగిలించడం మామూలే, మన దగ్గర ప్రతి రాతిగుహా పాండవులదే కదా. కిరణాల సంగతి మాత్రం నిజం. మీ స్వామి పాదాలకు మార్చిలో, అక్టోబరులో సోకుతాయి. అక్కడ జూన్‌లో, పగలు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజున, సూర్యోదయం రాళ్ల వరసకు సూటిగా వస్తుంది. ఇవాళ్టి కొత్త డ్రూయిడ్లు ఆ రోజు తెల్లంగీలతో అక్కడ చేరతారు. ప్రసాదం క్యూ మాత్రం మీ ఊళ్లోనే పొడుగు.

ప్రశ్న: డ్రూయిడ్లు పూజించిన మిజిల్‌టో అంటే మామిడి చెట్టుకి పట్టే బదనికేనట, మా అబ్బాయి ఎక్కడో చదివి చెప్పాడు. దానికి నిజంగా మహిమ ఉందా? మా తోటలో బోలెడుంది.
– మామిడి రైతు, నెల్లిమర్ల

జాతి వేరైనా తీరు ఒకటే. వేరొక చెట్టు మీద కూర్చుని దాని నీళ్లు తాగేస్తుంది. మీ తోటలోదానికి నారింజరంగు గొట్టాల్లాంటి పూలు, వాళ్లదానికి ముత్యాల్లాంటి తెల్ల పళ్లు. రెండిటి గింజలూ జిగురుగా ఉంటాయి. పిట్ట తిని కొమ్మకు ముక్కు రాసుకుంటే, లేదా రెట్ట వేస్తే, గింజ అక్కడే అతుక్కుని మొలుస్తుంది. చలికాలంలో ఓక్ చెట్టు ఆకులన్నీ రాల్చేసి ఎండు కట్టెలా నిలబడ్డప్పుడు, నేలతో సంబంధం లేకుండా, నడిమధ్యలో ఇది పచ్చగా గుబురుగా కనిపిస్తుంది. పైగా మిజిల్‌టో ఓక్ మీద చాలా అరుదు. ఆ చలిలో అది చూసినవాడికి దేవుడు కనిపించాడంటే నేను నమ్ముతాను. మన పల్లెల్లోనూ ఫలానా చెట్టు బదనికను ఫలానా నక్షత్రంలో తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందనే నమ్మకం ఉంది కదా. మా నాన్నగారి దగ్గర ఒక ఎండిన ముక్క ఉండేది, ఇనప్పెట్టెలో పసుపు గుడ్డలో చుట్టి. ఆ పెట్టెలో దానితోపాటు అప్పు పత్రాలు కూడా ఉండేవి. అవి తగ్గగా నేను చూడలేదు.

మీ తోటలోది మాత్రం పూతకు రాకముందే కొట్టించెయ్యండి. దాన్ని ఒక్కదాన్నే పీకితే మళ్లీ చిగురుస్తుంది. అది అతుక్కున్న చోటుకి జానెడు కిందకి కొమ్మతో సహా కోయించాలి. బంగారు కొడవలి అక్కర్లేదు. బంగారం మెత్తన, కొమ్మ తెగదు. మంచి రంపం చాలు.